మైక్ ఆన్ చేస్తే మొదలయ్యే గొడవ

ప్రశ్న: నాకు ఇరవై ఆరేళ్ళు. నిజాంపేటలో అమ్మానాన్నలతో, అన్నయ్యతో కలిసి ఉంటాను. గచ్చిబౌలిలో ఉద్యోగం. రాత్రి భోజనాలయ్యాక ఫోన్లో బీజీఎంఐ అనే షూటింగ్ గేమ్ ఆడతాను, సెలవుల్లో అన్నయ్య కంప్యూటర్‌లో వాలరెంట్, అదీ షూటింగ్ గేమే. బాగానే ఆడతాను, ర్యాంకే చెబుతుంది. కానీ తెలియనివాళ్ళతో స్క్వాడ్ పడి మైక్ ఆన్ చేశానా, ఆట పక్కకు పోయి అందరూ నాతో ఆడుకోవడం మొదలవుతుంది. మొన్న "ఎడమ పక్క మేడ మీద ఇద్దరున్నారు" అన్నానంతే. "అరే, లడ్కీ హై రే" అని ఒకడు, ఇన్‌స్టా ఐడీ ఇమ్మని ఇంకొకడు. చివరికి నలుగురం చచ్చాక తప్పంతా నాదైంది, "పోయి వంట చేసుకో" అన్నారు. వాళ్ళలో ఒకడు నా గేమ్ పేరు పట్టుకుని ఇన్‌స్టాలో వెతికి రోజూ మెసేజ్‌లు పెడుతున్నాడు. బ్లాక్ చేస్తే కొత్త అకౌంట్‌తో వస్తున్నాడు. ఇప్పుడు మగ పేరు పెట్టుకుని, మైక్ ఆపేసి ఆడుతున్నాను. ఆఫీసులో ఫ్రెండ్‌కి చెబితే "ఆడవాళ్ళకు అలాంటి బట్టలేసే గేమ్‌లు ఆడుతూ మళ్ళీ ఫెమినిస్టునంటావా?" అంది. అమ్మ సంబంధాలు చూస్తోంది, "పెళ్ళిచూపుల్లో ఈ గేమ్‌ల సంగతి ఎత్తకు" అంటోంది. అన్నయ్య నాకన్నా ఎక్కువ ఆడతాడు, వాణ్ణి ఎవరూ ఏమీ అనరు. నేను పిరికిదాన్నా? ఈ ఆటలు మానేయాలా?
– ఒక పాఠకురాలు, నిజాంపేట

జవాబు: ముందు ఆ మెసేజ్‌ల సంగతి తేలుద్దాం, మిగతావి ఆగుతాయి. వాడికి జవాబివ్వకండి. నాలుగు తిట్టాలని ఉన్నా ఆగండి, వాడికి కావలసింది మీ నుంచి ఏదో ఒక మాట రావడమే. బ్లాక్ చేసే ముందు స్క్రీన్‌షాట్ తీయండి. అందులో అకౌంట్ పేరు, తేదీ, టైము కనిపించాలి. ప్రొఫైల్ లింకు విడిగా కాపీ చేసి పెట్టుకోండి, పేర్లు మార్చుకోవడం ఇలాంటివాళ్ళకు క్షణం పని. మీ గేమ్ ఐడీ, ఇన్‌స్టా ఐడీ ఒకేలా ఉంటే ఇవాళే ఒకటి మార్చేయండి, వాడు మిమ్మల్ని పట్టుకుంది ఆ దారినే.

ఇష్టం లేదని స్పష్టంగా తెలిసినా ఒక స్త్రీని పదే పదే పలకరించడం, ఆన్‌లైన్‌లో ఆమె ఏం చేస్తోందో వెంటపడి చూడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే మూడేళ్ళ దాకా జైలు. కొత్త అకౌంట్లతో మళ్ళీ మళ్ళీ వస్తున్నాడన్నదే మీ ఫిర్యాదుకు బలం. హైదరాబాద్‌లో 2014 అక్టోబర్‌లో మొదలైన షీ టీమ్స్ బస్టాపుల్లో ఏడిపించేవాళ్ళ కోసమే అనుకుంటారు చాలామంది. ఆన్‌లైన్ వేధింపుల మీద కూడా ఫిర్యాదు తీసుకుంటారు, వాట్సాప్‌లో పంపినా చాలు. కేంద్రం నడిపే సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే ఫిర్యాదు నమోదు చేయవచ్చు. "అసలు ఆ గేమ్ ఎందుకు ఆడుతున్నావమ్మా?" అని అక్కడెవరైనా అడిగితే, అది ఫిర్యాదుకు సంబంధం లేని ప్రశ్న అని మర్యాదగా చెప్పండి.

ఇక పిరికితనం గురించి. మైక్ ఆపేయడం పిరికితనమైతే ఈ దేశంలో ఆన్‌లైన్ ఆటలాడే ఆడపిల్లల్లో ధైర్యవంతులు ఎంతమంది మిగులుతారో! మీకు జరిగింది మీ ఒక్కరి దురదృష్టం కాదని చెప్పడానికి అధ్యయనాలే ఉన్నాయి. 2013లో అచ్చయిన ఒకదాంట్లో పరిశోధకులు 'హేలో 3' అనే షూటింగ్ గేమ్‌లోకి వెళ్ళి, ముందే రికార్డు చేసిన మాటలు వినిపించారు. కొన్ని మ్యాచుల్లో మగ గొంతు, కొన్నిట్లో ఆడ గొంతు, కొన్నిట్లో మౌనం. మాటలు అవే. ఆడ గొంతుకు తగిలిన తిట్లు మిగతా రెండిటికన్నా మూడు రెట్లు. రెండేళ్ళ తర్వాత అదే గేమ్ మీద వచ్చిన మరో అధ్యయనం నాకు ఇంకా ఆసక్తిగా అనిపిస్తుంది. ఆడ గొంతు మీద ఎక్కువ విరుచుకుపడింది ఆటలో వెనకబడినవాళ్ళని అందులో తేలింది. బాగా ఆడేవాళ్ళు మర్యాదగానే ఉన్నారు. అదే నాసిరకం ఆటగాళ్ళు మగ గొంతు వినిపిస్తే అణిగిమణిగి ఉన్నారు. మీ స్క్వాడ్‌లో మిమ్మల్ని వంటింటికి పొమ్మన్న మహానుభావుడి కిల్స్, అంటే వాడు పడగొట్టిన ప్రత్యర్థులు, ఎన్నో ఒకసారి గుర్తు చేసుకోండి.

అలాగని కష్టపడి ర్యాంకు పెంచుకుంటే నోళ్ళు మూతపడతాయనీ అనుకోవద్దు. దక్షిణ కొరియాలో గెగురి అనే పేరుతో ఓవర్‌వాచ్ అనే షూటింగ్ గేమ్ ఆడే టీనేజీ అమ్మాయి ఉండేది. 2016లో ఆమె గురి చూసి ప్రత్యర్థి జట్టువాళ్ళు మోసం చేస్తోందన్నారు, ఏదో సాఫ్ట్‌వేర్ వాడకుండా అంత కచ్చితంగా కొట్టడం కుదరదన్నారు. ఆ అమ్మాయి స్టూడియోలో కెమెరాల ముందు కూర్చుని, చేతులు, స్క్రీన్ రెండూ కనిపించేలా ఆడి చూపించాల్సి వచ్చింది. 2018లో షాంఘై డ్రాగన్స్ జట్టులో చేరి ఓవర్‌వాచ్ లీగ్‌లో తొలి మహిళా ప్లేయర్ అయింది. బాగా ఆడలేకపోతే ఆడదానివి కాబట్టి, బాగా ఆడితే మోసం కాబట్టి. ఇలాంటివాళ్ళకు ప్రతి మ్యాచ్‌లో పరీక్ష రాసి ఇచ్చే బాధ్యత మీకు లేదు.

కాబట్టి మైక్ విషయంలో నా సలహా ఒక్కటే. తెలియనివాళ్ళతో ఆడితే ఆపే ఉంచండి, మ్యాప్ మీద మార్క్ చేసి చూపించినా పని నడుస్తుంది. నోరు జారినవాణ్ణి అక్కడికక్కడే మ్యూట్ చేసి, మ్యాచ్ అయ్యాక రిపోర్ట్ కొట్టండి. కానీ అసలు మందు వేరే ఉంది, అది సొంత స్క్వాడ్. మీకు కావలసింది ఇంకో ముగ్గురే. కాలేజీ వాట్సాప్ గ్రూపులో, ఆఫీసులో "బీజీఎంఐ ఎవరైనా ఆడతారా?" అని ఒక్క మెసేజ్ పెట్టి చూడండి. మీలాగే మగ పేరు వెనక కూర్చున్న అమ్మాయిలు ఒకరిద్దరు బయటపడకపోతే ఆశ్చర్యం. మగవాళ్ళుంటే ఉండనివ్వండి, మర్యాద తెలిస్తే చాలు. గొంతు బయటపెట్టి ఆడే సుఖం వేరు. దెబ్బ తిని నాక్ అయి పడిపోయినప్పుడు "అరె, రివైవ్ చెయ్యండ్రా, లేపండ్రా" అని అరవలేని ఆట సగం ఆటే.

మగ పేరు పెట్టుకోవడంలో తప్పు లేదు. దానివల్ల ఒక నష్టం మాత్రం ఉంది, అది మీది కాదు, అందరిదీ. మీరు కనిపించరు కాబట్టి "ఇక్కడ ఆడవాళ్ళెవరున్నారు?" అనే మాట అలాగే చలామణీ అవుతుంది. అమెరికాలో పరిశ్రమవాళ్ళు ఏటా తీసే లెక్కల్లో ఆడేవాళ్ళలో దాదాపు సగం మంది ఆడవాళ్ళే. మన దగ్గర లెక్కలదాకా ఎందుకు, మియాపూర్ నుంచి అమీర్‌పేట వైపు పొద్దున పూట మెట్రో ఎక్కి లేడీస్ కోచ్‌లో చుట్టూ చూడండి. ఒళ్ళో లంచ్ బ్యాగు, చెవిలో ఇయర్‌ఫోన్, బొటనవేలు క్యాండీ క్రష్ మీద. స్టేషన్ వచ్చేసరికి లెవెల్ పూర్తి కాకపోతే ఆ మొహంలో చిరాకు చూడాలి! గేమ్‌లు ఆడతారా అని అడిగితే మాత్రం "అబ్బే, ఏదో టైంపాస్" అంటారు.

ఈ ఆటలు మగపిల్లలవి అన్న పేరు ఊరికే రాలేదు. చోటుతో వచ్చింది. తొంభైల్లో మన గల్లీల్లో చీకటిగా, ఇరుగ్గా వీడియో గేమ్ పార్లర్లుండేవి. స్కూలు ఎగ్గొట్టిన మగపిల్లలు కాయిన్లు వేసి 'ముస్తఫా' ఆడేవాళ్ళు. 1993లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ తెచ్చిన ఆ ఆట అసలు పేరు 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్'. అందులో ఎంచుకోవడానికి నలుగురుంటారు, ఒకరు హన్నా అనే అమ్మాయి. స్క్రీన్ మీద హన్నాకు చోటుంది, పార్లర్‌లో ఆడపిల్లకు లేదు. తర్వాత నెట్ సెంటర్లు వచ్చాయి, కౌంటర్ స్ట్రైక్ వచ్చింది, అక్కడా అంతే. ఫోన్ చేతికొచ్చి, 2016లో జియోతో డేటా చవకయ్యాకే మీ తరం అమ్మాయిలు ఎవరి పర్మిషన్ లేకుండా ఆటలోకి రాగలిగారు. పార్లర్ గుమ్మం దగ్గర ఆగిపోయిన గొడవ ఇప్పుడు మైక్ దగ్గర మొదలైంది.

మీ స్నేహితురాలి దగ్గరికి వద్దాం. ఆమె మాటలో సగం నిజముంది, ఆ సగం ఒప్పుకుందాం. యుద్ధానికి వెళ్ళే మగాడికి మెడ నుంచి పాదాల దాకా ఇనుప కవచం, అదే కవచం ఆడమనిషి తొడిగేసరికి జానెడు అయిపోవడం చాలా గేమ్‌లలో మామూలు. కథలూ అంతే. 1981లో డాంకీ కాంగ్‌లో అమ్మాయిని కోతి ఎత్తుకుపోతుంది, 1985లో సూపర్ మారియో బ్రదర్స్‌లో రాకుమారిని తాబేలు రాక్షసుడు ఎత్తుకుపోతాడు. ఆడేవాడు చివరిదాకా వెళితే దక్కే బహుమతి ఆమె. 1975లో లారా మల్వీ అనే సినిమా విమర్శకురాలు కెమెరా గురించి ఒక వ్యాసం రాసింది. తెరమీద స్త్రీని చూపించే చూపు మగవాడిదే, చూసేది ఆడవాళ్ళైనా ఆ చూపుతోనే చూడాల్సి వస్తుందని ఆమె వాదన. గేమ్‌ల విషయంలోనూ స్త్రీవాదులు ఎక్కువగా ఎత్తే మాట అది. 1996లో టూంబ్ రైడర్ వచ్చినప్పుడు లారా క్రాఫ్ట్ తుపాకులు పట్టి పాత సమాధుల్లోకి దూకే హీరోయిన్. కంపెనీ పోస్టర్లు మాత్రం ఆమె ఛాతీ చుట్టూనే తిరిగాయి. 2013లో ఆ ఆటను మళ్ళీ మొదలుపెట్టినప్పుడు కథ రాసింది రియానా ప్రాచెట్ అనే రచయిత్రి. లారా ఒళ్ళంతా బురదతో, గాయాలతో, ఒంటినిండా బట్టలతో కనిపించింది.

మరి మిగతా సగం? ఇలాంటివి పట్టి చూపించిన వాళ్ళెవరో చూడండి. అనీటా సర్కీసియన్ అనే విమర్శకురాలు 2012లో గేమ్‌లలో స్త్రీ పాత్రల మీద వీడియోలు చేస్తానని, 6,000 డాలర్లు కావాలని జనాన్ని అడిగింది. ఒక్క వీడియో కూడా రాకముందే తిట్లు, బెదిరింపులు మొదలయ్యాయి. ఆమె ఫోటో మీద నొక్కితే మొహం కమిలిపోయే ఆటొకటి తయారుచేసి నెట్‌లో పెట్టాడొక ప్రబుద్ధుడు. ఆ గోల చూసిన జనం 1,58,000 డాలర్ల పైగా ఇచ్చారు. 2014లో గేమర్‌గేట్ పేరుతో గేమ్‌లు తయారుచేసే ఆడవాళ్ళ మీద, విమర్శకుల మీద పెద్ద దాడే నడిచింది. ఆ అక్టోబర్‌లో అమెరికాలోని యూటా స్టేట్ యూనివర్సిటీలో సర్కీసియన్ మాట్లాడితే కాల్పులు జరుపుతామని బెదిరింపు వచ్చింది. అక్కడి చట్టం ప్రకారం సభకు తుపాకులు తేకుండా ఆపలేమన్నారు పోలీసులు. ఆమె సభ రద్దు చేసుకోక తప్పలేదు. ఇంత జరిగినా ఆమె ఆ ఆటలు మానేయమని ఎవరికీ చెప్పలేదు. ఇష్టపడుతూనే తప్పు పట్టవచ్చు, తప్పు పడుతూనే ఆడుకోవచ్చు అన్నది ఆ వీడియోల్లో ఆమె మొదట్లోనే చెప్పిన మాట.

మీ స్నేహితురాలు మన సినిమాలు చూస్తారా? ఐటం సాంగ్ రాగానే హాల్లోంచి లేచి వెళ్ళిపోతారా? కొట్లాటకు కాదు, ఊరికే అడగండి.

స్త్రీవాదుల్లోనూ ఈ విషయం మీద ఒకటే మాట లేదు. తొంభైల్లో అమెరికాలో కొందరు ఆడపిల్లల కోసం వేరే ఆటలు కావాలన్నారు. 1996లో బార్బీకి బట్టలు కుట్టే గేమ్ విపరీతంగా అమ్ముడైంది. బ్రెండా లారెల్ అనే గేమ్ డిజైనర్ అదే ఏడు పర్పుల్ మూన్ అనే కంపెనీ పెట్టి స్కూలు స్నేహాల చుట్టూ కథలల్లింది, 1999కల్లా అది మూతపడింది. ఇంకొందరు, గులాబీ రంగు గది కట్టి ఆడపిల్లల్ని అందులో కూర్చోబెట్టడం పరిష్కారమా అని అడిగారు. నేను రెండోవాళ్ళ పక్షం. ఆడపిల్లకు ఏది నచ్చుతుందో ముందే తేల్చేసే వాదన ఎవరి నోటి నుంచి వచ్చినా నాకు గిట్టదు. అమెరికా వీడియో గేమ్ కంపెనీ అటారీలో కెరోల్ షా గేమ్ డిజైనర్‌గా చేరాక కంపెనీ పెద్దాయన ఒకరు, ఇక రంగులు కలిపే ఆటలు, ఇల్లు సర్దే ఆటలు చేయించవచ్చని సంబరపడ్డారట. 1982లో, యాక్టివిజన్ కంపెనీకి మారాక, ఆమె చేసింది రివర్ రెయిడ్. నది మీద విమానం నడుపుతూ ఎదురొచ్చినవాటిని పేల్చేసే ఆట!

ఆడవాళ్ళ కోసం విడిగా పెట్టే టోర్నమెంట్ల మీద నాకు రెండు మనసులున్నాయి. వాలరెంట్ కంపెనీ 2021లో గేమ్ ఛేంజర్స్ పేరుతో మొదలుపెట్టింది, మరుసటి ఏడు బెర్లిన్‌లో ప్రపంచ పోటీ కూడా జరిపింది. తిట్లు లేని చోట నేర్చుకోవడం అవసరమే, మీకు వీలైతే అలాంటి లోకల్ పోటీకి పేరివ్వండి. కానీ మన ఇరానీ హోటళ్ళలో ఫ్యామిలీ సెక్షన్ ఉన్నట్టే ఇదీను. అది ఉండబట్టే ఆడవాళ్ళు లోపలికి రాగలిగారు, అది ఉండబట్టే బయటి బల్లల దగ్గర కూర్చుంటే వింతగా చూశారు. గేమ్ ఛేంజర్స్ ఆడినవాళ్ళు బయటి బల్లల దగ్గరికీ రావాలి. 2024 ఏప్రిల్‌లో ప్రధానమంత్రి పేరున్న గేమర్లు ఏడుగురితో మాట్లాడితే వాళ్ళలో స్త్రీ పాయల్ ధారే ఒక్కరే.

మన దేశంలోనే పుణె బృందం ఒకటి తయారుచేసిన 'రాజీ' అనే గేమ్ 2020లో వచ్చింది. అందులో రాక్షసులు ఎత్తుకుపోయేది తమ్ముణ్ణి, వెతుక్కుంటూ వెళ్ళేది అక్క. మీ స్నేహితురాలి చేతికిచ్చి ఆడించండి. ఇంకోటి, మీ డబ్బు ఎటు పోతుందో చూసుకోండి. బట్టల మీద అభ్యంతరమున్న స్కిన్, అంటే పాత్రకు తొడిగే వేషం, కొనకండి, అది మీరు వేసే ఓటు. వాలరెంట్‌లో "నువ్వు అమ్మాయివి కదా, సేజ్ తీసుకో, మాకు హీల్ చెయ్" అంటే, గాయాలు మాన్పే ఆ సేజ్ పాత్ర మీకిష్టమైతేనే తీసుకోండి. గేమ్‌లో కూడా వడ్డించే పనేనా?

ఇక మీ అమ్మగారు. ఆవిడను విలన్ చేయకండి. గేమ్ అనగానే ఆవిడకు గుర్తొచ్చేవి పేపర్లో వచ్చే వార్తలు: రమ్మీలో, బెట్టింగ్ యాప్‌లలో అప్పులపాలైన కుటుంబాలు. తెలంగాణలో ఆన్‌లైన్ రమ్మీని 2017లోనే నిషేధించారు. 2025లో కేంద్రం తెచ్చిన చట్టం డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించి, పోటీలుగా ఆడే ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం విడిగా గుర్తించింది. మీరాడేవి పందెం కాసే ఆటలు కావని ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి. వ్యసనం అంటారా, దానికీ కొలత ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ను జబ్బుల జాబితాలో చేర్చింది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికన్నా అదే ముఖ్యమైపోవడం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం, ఇదంతా మామూలుగా ఏడాది పాటు కనిపిస్తేనే ఆ మాట వాడతారు. ఉద్యోగం చేసుకుని, భోంచేసి, రాత్రి నాలుగు మ్యాచ్‌లు ఆడితే అందులోకి రాదు. నిద్ర తగ్గుతోందా అన్నది మీరే చూసుకోండి. ఆ కొలత అన్నయ్యకూ వర్తిస్తుంది, ఆ మాట ఇంట్లో వినపడేలా చెప్పండి. వామనగుంటలు, అష్టాచెమ్మా ఆడి పెరిగిన ఇళ్ళే మనవి. పెళ్ళయ్యాక ఆ పీటలు అటకెక్కాయి తప్ప ఆడాలన్న కోరిక పోలేదు. అన్నట్టు, మీ అమ్మగారి ఫోన్లో లూడో ఉందేమో చూడండి.

పెళ్ళిచూపుల్లో చెప్పండి. మొదటి ప్రశ్నకే చెప్పనక్కర్లేదు, హాబీలు అడిగినప్పుడు వంట, పుస్తకాలు అనకుండా ఉన్నది చెప్పండి. దాచి పెళ్ళి చేసుకుంటే రోజూ రాత్రి పది గంటలకు దాచాల్సి వస్తుంది. మొహం చిట్లిస్తే ఆ సంబంధం సంగతి కాఫీ చల్లారక ముందే తేలిపోతుంది. "నేనూ ఆడతా" అంటే వెంటనే మురిసిపోకండి, ఐడీ తీసుకుని ఒక వారం కలిసి ఆడండి. మీరు నాక్ అయినప్పుడు వచ్చి లేపుతాడా, కిల్స్ కోసం పరిగెడతాడా? మీ కిల్స్ ఎక్కువైన రోజు ఎలా ఉంటాడు? ఓడిపోయాక మొదట ఎవరి మీద అరుస్తాడు? జాతకాలు చూసే లోపు ఇవి చూసెయ్యండి.